పిరనీస్ కొండల్లో మంత్రసాని కప్పల మీద ఇంటర్న్‌షిప్: నా అనుభవం

ఫ్రాన్స్‌లో ఎకాలజీ మాస్టర్స్ చదవడానికి వస్తున్న మనవాళ్ళు ఈ మధ్య తరచూ మెసేజ్‌లు పెడుతున్నారు. ఫీల్డ్ ఇంటర్న్‌షిప్‌లో నిజంగా ఏం చేయిస్తారు, డబ్బులిస్తారా, ఫ్రెంచ్ అంతంతమాత్రమైతే నెట్టుకు రాగలమా అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసేస్తున్నాను. నాది తులూజ్‌లో, మాస్టర్స్ మొదటి ఏడాది ఇంటర్న్‌షిప్. 2025 ఏప్రిల్ నుంచి ఆగస్టు చివరి దాకా ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్యనున్న పిరనీస్ కొండల్లో మంత్రసాని కప్పల మీద పనిచేశాను. ఇక్కడివాళ్ళు దాన్ని అలీత్ అంటారు, శాస్త్రీయ నామం అలైటిస్ ఆబ్‌స్టెట్రికాన్స్. అయిదు సెంటీమీటర్లకు మించని బూడిద రంగు గోదురుకప్ప. ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతే, మగది ఆ గుడ్ల దండను వెనక కాళ్ళకు చుట్టుకుని వారాల తరబడి మోస్తుంది. ఇంటర్వ్యూలో, పోస్టర్లలో, ఎవరింటికైనా భోజనానికి వెళ్తే అక్కడా, అందరికీ కావలసింది ఈ తండ్రి కథే. నా అయిదు నెలల్లో ఆ కథ కళ్ళారా చూసిన రాత్రులు తక్కువ, బూట్లు కడిగిన పూటలు ఎక్కువ.

మొదటి మెయిల్ 2024 అక్టోబర్ చివర్లో పెట్టాను. మూడు వారాల దాకా ఉలుకూ పలుకూ లేదు. ఇక రాదులే అని వేరే ల్యాబ్‌లకు రాయడం మొదలుపెట్టాక ఒక్క లైను జవాబు వచ్చింది, డిసెంబర్‌లో మాట్లాడదాం అని. ఇక్కడ అది మామూలే, జవాబు రాకపోతే వద్దన్నట్టు లెక్క కాదు, రెండు వారాలాగి మర్యాదగా గుర్తు చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఇంటర్వ్యూకి నేను దొరికిన పేపర్లన్నీ చదువుకుని వెళ్ళాను. వాళ్ళు అడిగినవి వేరు: పదిహేను కిలోల బ్యాగుతో రెండు గంటలు కొండ ఎక్కగలవా, చీకటంటే భయమా, మంచు కరిగిన నీళ్ళలో అరగంట నిలబడగలవా, కారు నడుపుతావా, ఈత వచ్చా. కారు రాదన్నాను. ఈత వచ్చన్నాను, మా ఊరి కాలవ పుణ్యమా అని. ఫ్రెంచ్ సంగతి అడిగితే కూరగాయలు కొనుక్కునేంత వచ్చన్నాను, నవ్వారు.

జనవరి రెండో వారంలో తీసుకున్నామని చెప్పారు. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. కన్వెన్షన్ ద స్టాజ్ అని ఒక ఒప్పంద పత్రం ఉంటుంది, దాని మీద యూనివర్సిటీ, ల్యాబ్, మనం, అందరం సంతకాలు పెట్టాలి, ఆ సంతకాలన్నీ పడందే ల్యాబ్‌లో అడుగు పెట్టనివ్వరు. దానికి సివిల్ లయబిలిటీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ జతచేయాలి. ఇది చాలావరకు ఇంటి ఇన్సూరెన్స్‌లోనే కలిసి ఉంటుంది, విడిగా కొనక్కర్లేదని నాకు ఒక సీనియర్ అక్క చెప్పింది కాబట్టి సరిపోయింది. తేదీల్లో ఒక్క రోజు తేడా ఉందని ఒక ఆఫీసు వెనక్కి పంపింది, సరిచేసి పంపితే ఆ సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడు. చివరి సంతకం మార్చి 27న పడింది. ఏప్రిల్ 1న చేరాలి. ఆ నాలుగు రోజుల ముందు వారమంతా నేను నిద్రపోయింది తక్కువ.

సంతకాల కోసం ఎదురుచూసిన ఆ ఖాళీలో మా గైడ్ చదవమని పంపినవాటిలో పాల్ కామెరర్ అనే జీవశాస్త్రవేత్త ఉదంతం ఒకటి. వియన్నాలో గత శతాబ్దం మొదట్లో ఆయన ఈ కప్పలనే పెంచాడు. చాలా రకాల కప్పలు నీళ్ళలో జతకడతాయి, ఆడది జారిపోకుండా పట్టుకోవడానికి మగవాటి చేతుల మీద నల్లటి గరుకు మెత్తలు వస్తాయి. అలీత్ నేల మీదే జతకడుతుంది, దానికి ఆ మెత్తలతో పనిలేదు. కామెరర్ వీటిని వేడిలో ఉంచి నీళ్ళలోకి వెళ్ళేలా చేసి, కొన్ని తరాలకు మెత్తలు వచ్చాయని, అవి వాటి పిల్లలకూ సంక్రమించాయని ప్రకటించాడు. 1926లో మిగిలిన నమూనాను ఇంకొకాయన పరీక్షిస్తే ఆ నలుపు ఇండియన్ ఇంక్ అని బయటపడింది. కొన్ని వారాలకే, సెప్టెంబర్‌లో, కామెరర్ తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. సిరా ఎవరు ఎక్కించారో ఈనాటికీ తేలలేదు. ఇది చదివాక మా గైడ్ నోటుబుక్‌లో పెన్సిల్‌తో తప్ప రాయనివ్వకపోతే నాకు నవ్వొచ్చింది, కారణం వానే అనుకోండి.

డబ్బు సంగతి. రెండు నెలలు దాటిన ఇంటర్న్‌షిప్‌కి ఇక్కడ చట్టప్రకారం కనీస భత్యం ఇవ్వాలి, 2025లో అది గంటకు 4.35 యూరోలు. పూర్తిగా పనిచేసిన నెలకు 670 దాకా వస్తుంది. నా గది అద్దె 410. మొదటి నెల డబ్బు మే చివర్లో గానీ పడలేదు, కాబట్టి రెండు నెలల తిండికీ అద్దెకూ చేతిలో ఉంచుకుని చేరండి. కొండ మీద పడక, భోజనం ఖర్చు ల్యాబే పెట్టుకుంది. నేను కొన్నవి బూట్లు, వాన కోటు, ఇంకా రెఫ్యూజ్‌లో తప్పనిసరిగా అడిగే పల్చటి సంచీ దుప్పటి. కొండ మీద బస చేసే ఇళ్ళను రెఫ్యూజ్ అంటారు, వాళ్ళిచ్చే రగ్గు లోపల మనదైన ఈ గుడ్డ సంచీలో దూరి పడుకోవాలి. అన్నీ కలిపి 210 యూరోలు దాటాయి. అందులో అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం అయిదు యూరోలు పెట్టి మందుల షాపులో కొన్న గోమారి తీసే ప్లాస్టిక్ కొక్కెం. ఇక్కడి గోమార్లతో లైమ్ అనే జబ్బు వస్తుంది, రోజూ సాయంత్రం మోకాలి వెనక, చంకల్లో చూసుకోవాలి. సిగ్గుపడితే కుదరదు.

ఏప్రిల్ అంతా ఒక్క కప్ప కూడా కనపడలేదు. కొండ మీద ఇంకా మంచు. ల్యాబ్‌లో నాకు నేర్పింది కడగడం. మొదట నాకు చిరాకేసింది, ఇందుకా ఇంత దూరం వచ్చాను అని. మీకూ అలాగే అనిపిస్తుంది కాబట్టి కారణం చెప్తాను. కైట్రిడ్ అనే నీటి శిలీంధ్రం ఒకటి కప్పల చర్మాన్ని పట్టుకుంటుంది. 1990లలో శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించేసరికే అది ఖండాలు దాటేసింది. 2019లో వేసిన లెక్క ప్రకారం దాని వల్ల 501 ఉభయచర జాతులు తగ్గాయి, వాటిలో 90 అంతరించినట్టే. యూరప్‌లో మొదట బయటపడ్డ విధ్వంసం 1997 నుంచి మాడ్రిడ్ పక్కన పెన్యలారా కొండల మీద, చచ్చినవి ఈ మంత్రసాని కప్పలే, చాలా చెరువుల్లో మొత్తానికే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ శిలీంధ్రం బూటుకంటిన తడి మట్టిలో కూడా ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు వెళ్ళగలదు. అంటే కప్పల్ని కాపాడదామని వెళ్ళిన మనమే చంపి రావచ్చు.

అందుకే వర్కాన్ అని ఒక గులాబి రంగు పొడి, లీటరు నీళ్ళకు పది గ్రాములు. కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్ళజోడు ఉండాలి, పొడి ఎగిరితే గొంతు మండుతుంది. ముందు బ్రష్‌తో మట్టి మొత్తం రాల్చాలి, మట్టి ఉంటే మందు పనిచేయదు. తర్వాత బూట్లు, వల, వేడర్లు (నీళ్ళలో దిగడానికి తొడుక్కునే, బూట్లతో కలిసి ఉండే తడవని ప్యాంటు), చేతికర్ర మొన, అన్నీ తడిపి కనీసం అయిదు నిమిషాలాగాలి. కడిగిన నీళ్ళు చెరువుకు దూరంగా నేల మీదే పోయాలి. రంగు వెలిసిపోతే మందు చచ్చినట్టు, కొత్తది కలపాలి. రాత్రి ఒంటిగంటకు, వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఇంకో చెరువుకు వెళ్ళే ముందు ఇదంతా మళ్ళీ మొదటి నుంచి. కప్పను పట్టుకున్న ప్రతిసారీ కొత్త గ్లవ్స్. నా జేబుల్లో వాడిన గ్లవ్స్ తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

మే 22న మొదటిసారి ఎక్కాం. తులూజ్ నుంచి తారస్కాన్ దాకా రైలు, అక్కడి నుంచి ల్యాబ్ బండి, తర్వాత నడక. అరియేజ్ జిల్లాలో, 2000 మీటర్లకు కాస్త లోపున్న కొలనులు. పేర్లు రాయను, ఇది చదివి ఒక్కరు బూట్లతో దిగినా చాలు. ఆ రోజు పై కొలను సగం ఇంకా మంచు కిందే ఉంది, చూడ్డానికేమీ లేదు, థర్మామీటర్లు నీళ్ళలో వేసి దిగొచ్చాం. దారిలో గొర్రెల మందకు కాపలా ఉండే తెల్లటి పతూ కుక్కలు రెండు మా మీదికొచ్చాయి. వాటి ముందు పరిగెత్తకూడదు, కర్ర ఎత్తకూడదు, ఆగి నెమ్మదిగా మాట్లాడుతూ మందకు దూరంగా చుట్టూ తిరిగి పోవాలి. నాతో ఉన్న పీహెచ్‌డీ అమ్మాయి ఫ్రెంచ్‌లో బుజ్జగిస్తోంది, నాకు ఆ క్షణంలో తెలుగే వచ్చింది, "పోరా బాబూ, పోరా నాయనా" అంటూ నిలబడ్డాను. అది నన్ను వాసన చూసి పోయింది. ఈ కొండల్లో ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి, 1996 నుంచి స్లొవేనియా నుంచి తెచ్చి వదిలారు. ఆ సంగతి ఇంట్లో ఈ రోజు దాకా చెప్పలేదు.

జూన్‌లో రాత్రులు మొదలయ్యాయి. జూన్‌లో ఇక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ అస్తమించడు, అంటే పని పదిన్నరకు మొదలై రెండింటికి ముగుస్తుంది, పొద్దున ఏడుకు రెఫ్యూజ్ వాళ్ళు టిఫిన్ బల్ల ఎత్తేస్తారు. ఈ నిద్ర లెక్క ఎవరూ ముందు చెప్పరు. జూన్ 12, ఆరు డిగ్రీల చలి. లైట్లన్నీ ఆర్పి కూర్చున్నాం. కాసేపటికి రాళ్ళలోంచి "టూ" అని ఒక్క స్వరం. ఎవరి జీపీఎస్ మోగుతోందని నేను ఫోన్ తడుముకున్నాను. రెండు సెకన్లకు ఇంకో పక్క నుంచి కొంచెం హెచ్చు శ్రుతిలో ఇంకో "టూ". తర్వాత కొలను చుట్టూ. గొంతు గీరడం, బెకబెకలు ఏమీ లేవు, శుభ్రమైన స్వరం. కింద లోయల్లో అయితే స్కాప్స్ అనే చిన్న గుడ్లగూబ కూడా ఇంచుమించు ఇలాగే అరుస్తుంది, లెక్కపెట్టేవాళ్ళు తికమకపడతారు. ఇంత ఎత్తుకు ఆ గుడ్లగూబ రాదు కాబట్టి మాకు ఆ బాధ లేదు. వినిపించిన గొంతులన్నీ కాగితం మీద చుక్కలుగా పెట్టాలి. కష్టమేమిటంటే మనం కదిలితే అవి ఆగిపోతాయి, మళ్ళీ మొదలుపెట్టడానికి పది నిమిషాలు.

గుడ్లు మోస్తున్న మగది ఆ రాత్రి కనపడలేదు. తర్వాతి వారం, జూన్ 19న కనపడింది. వాన వెలిసింది, పన్నెండు దాటింది. రెండు బల్లపరుపు రాళ్ళ మధ్య నుంచి తాపీగా నడుచుకుంటూ బయటికి వచ్చింది, గెంతలేదు. హెడ్‌ల్యాంపు వెలుతురు తగ్గించి మోకాళ్ళ మీద కూర్చున్నాను. వెనక కాళ్ళ మడమల చుట్టూ, తొడల దాకా, గుడ్లు. ఉడికిన సగ్గుబియ్యంలా ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తున్నాయి, లేత పసుపు. ఒక గుడ్డుకూ ఇంకోదానికీ మధ్య సన్నటి దారం లాంటి జిగురు పోగు. వాటి కింద ఇంకో వరస, గోధుమ రంగుకు తిరిగినవి, ఆ గుడ్లలో రెండేసి నల్ల చుక్కలు కనపడ్డాయి, పిల్లల కళ్ళు. రెండు వరసలూ ఒకే వయసువి కావు. అంటే ఒక ఆడదాని గుడ్లు మోస్తూండగానే ఇంకోదాని గుడ్లు కూడా తీసుకుంది. ఇది మామూలేనట, ఒక్కో ఆడది కొన్ని పదుల గుడ్లు పెడుతుంది, ఒకే మగది ఇద్దరు ముగ్గురివి కలిపి మోస్తుంది. నిలువు గీతలా ఉండే కంటిపాపతో అది నన్ను చూసింది, లేక చూసినట్టు నాకు అనిపించింది. ఒక కాలు ముందుకు వేసి, వెనక కాలు ఈడ్చి, ఆగి, మళ్ళీ. నడుము కింది బరువు వల్ల ప్రతి అడుగుకూ కాస్త పక్కకు ఒరుగుతోంది. మా నియమం ప్రకారం మోస్తున్నవాటిని పట్టుకోకూడదు, బెదిరితే గుడ్లు విడిచేస్తాయి. రెండు ఫోటోలు, టైము, రాయి నంబరు, అంతే, వెనక్కి జరగాలి. నాకు అక్కడే కూర్చోవాలని ఉంది, పీహెచ్‌డీ అమ్మాయి భుజం తట్టి లేపింది.

జతకట్టడం నేను చూడలేదు. ఏళ్ళ తరబడి ఈ కొండలెక్కుతున్న మా గైడే కొద్దిసార్లు చూశారట. మగది ఆడదాన్ని వెనక కాళ్ళకు పైన, నడుము దగ్గర పట్టుకుని కాలివేళ్ళతో కదిలిస్తూ ఉంటుంది, గుడ్ల దండ ఒక్కసారిగా బయటికి వస్తుంది. అప్పుడు పట్టు మెడ దగ్గరికి మార్చి గుడ్లను ఫలదీకరిస్తుంది, కాసేపు కదలకుండా ఉండి, ఒక కాలు తర్వాత ఒక కాలు ఆ దండలోకి దూరుస్తూ చాపుతూ ముడుస్తూ మడమలకు చుట్టుకుంటుంది. అక్కడితో ఆడదాని పని అయిపోయింది. ఆ తర్వాత మూడు నుంచి ఆరు వారాలు, చలి ఎక్కువైతే ఇంకా పైన, మగదే చూసుకోవాలి. పగలు రాళ్ళ కింద తేమలో ఉంటుంది, వాన లేని రాత్రుల్లో గుడ్లు ఎండకుండా వెళ్ళి నీళ్ళలో ముంచుకొస్తుంది. నీళ్ళలో పెట్టిన గుడ్లయితే చేపలకూ పురుగులకూ పోతాయి, ఇక్కడ ఆ బెడద లేదు.

ఇదంతా అమ్మకు ఫోన్‌లో చెప్పాను. కాసేపు విని, "మీ నాన్నకు చెప్పవే ఈ మాట. నిన్ను రెండు వీధులు ఎత్తుకోమంటే నడుం నొప్పి అనేవారు" అంది. పక్కనుంచి నాన్న, "అది కప్ప కాబట్టి మోసింది, దానికి ఆఫీసుందా" అన్నారు. తర్వాత అమ్మ అసలు ప్రశ్న అడిగింది, ఆ జబ్బు నీకు అంటుకోదు కదా అని. అంటుకోదు. కైట్రిడ్ మనుషులకు రాదు. మీ ఇంట్లోనూ అడుగుతారు, ముందే చెప్పేయండి.

గుడ్లు లేనివాటిని మాత్రం పట్టుకుంటాం. శిలీంధ్రం ఉందేమో చూడటానికి పొట్ట, తొడల లోపలి వైపు, కాలివేళ్ళ మధ్య దూదిపుల్లతో రుద్ది, ఆ పుల్లను గొట్టంలో వేసి పేరు రాసి చల్లగా ఉంచాలి. తర్వాత ప్లాస్టిక్ కవరులో వేసి చిన్న స్ప్రింగ్ త్రాసుకు తగిలించి తూచాలి. పది గ్రాములు తూగని ప్రాణి, కవరు లోపల ఈ మూల నుంచి ఆ మూలకు పాకుతుంటే ముల్లు ఒకచోట నిలవదు, ఈలోగా పక్క కవరులోది బయటికి వచ్చి నా మోకాలెక్కింది. కప్పల తక్కెడ అని ఊరికే అనలేదు మనవాళ్ళు. తోకకప్పల్ని, అంటే టాడ్‌పోల్స్‌ని, వలతో పట్టి నోటి దగ్గర రుద్దుతాం, ఎందుకో తర్వాత చెప్తాను. ట్రౌట్ చేపలు వదిలిన కొలనుల్లో మాకు వల వేసినా దాదాపు ఏమీ దొరకలేదు. ఈ ఎత్తున ట్రౌట్లు వాటంతటవి ఉండవు, గాలాల సరదా కోసం మనుషులు వదిలినవే. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

ఆడపిల్లలకు ఒక మాట. రాత్రి పని, వేడర్లు భుజాల దాకా, చుట్టూ చెట్టన్నది లేదు. సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేస్తే మరుసటి రోజు తలనొప్పితో నడక నరకం. ముందే టీమ్‌తో చెప్పేస్తే అందరూ ఒక పక్కకు తిరిగి లైట్లు ఆర్పుతారు, అదేమీ పెద్ద విషయం కాదు వాళ్ళకు. నెలసరి రోజుల్లో కింద ల్యాబ్‌లో ఉంటానంటే ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. శాకాహారులైతే రెఫ్యూజ్‌కి రెండు రోజుల ముందే చెప్పాలి, లేకపోతే బాతు మాంసం వేసిన క్యాబేజీ పులుసు తప్ప ఇంకేం ఉండదు. నేను ముందుగా చెప్పిన రోజున గుడ్డు అట్టు ఇచ్చారు, నా దగ్గరున్న కందిపొడి చల్లుకుంటే బల్ల మీద అందరికీ పంచాల్సి వచ్చింది.

జులై 9న ఒక మగది గుడ్లు దింపడం చూశాం. ఒడ్డున వేలెడు లోతు నీళ్ళలోకి వెనక్కి వెనక్కి జరిగి, ముందు కాళ్ళు రాయి మీద పెట్టుకుని నడుము దాకా మునిగి కూర్చుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక గుడ్డు చిట్లి నల్లటి పిల్ల ఒకటి జారింది, ఇంకొకటి, ఆపైన నాలుగైదు ఒకేసారి. ఉండుండి కాలు ఆడించింది తప్ప పిల్లల వైపు తిరిగి చూసింది లేదు. ఖాళీ జిగురు దారాలు కాళ్ళకు వేలాడుతూ ఉండగానే ఒడ్డెక్కి రాళ్ళలోకి పోయింది. అక్కడితో దాని బాధ్యత తీరింది. పిల్లలు మాత్రం ఈ చలి నీళ్ళలో ఆ ఏడాదే కప్పలైపోవు. మంచు గడ్డ కింద శీతాకాలాలు గడిపి, రెండు మూడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం తోకలతోనే ఉంటాయి, అప్పటికి తల్లిదండ్రుల కంటే పొడవుగా పెరుగుతాయి.

ఇక ఆగస్టు. దీని గురించి ఇంటర్వ్యూలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు, చెప్పినా నాకు ఎక్కేది కాదేమో. ఆ శిలీంధ్రానికి కావలసింది కెరాటిన్, అంటే చర్మం, గోళ్ళలో ఉండే గట్టి ప్రోటీన్. టాడ్‌పోల్‌కి కెరాటిన్ నోటి దగ్గరే ఉంటుంది, అందుకే దూదిపుల్ల నోటికి పెడతాం, కాబట్టి అది జబ్బుతోనే ఏళ్ళు బతికేస్తుంది. కాళ్ళొచ్చి, తోక కరిగి, ఒళ్ళంతా కొత్త చర్మం కట్టాక శిలీంధ్రం ఒళ్ళంతా పాకుతుంది. కప్ప చర్మంతోనే నీళ్ళూ లవణాలూ సర్దుకుంటుంది, ఆ పని దెబ్బతిని ఒంట్లో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగిపోతుంది. అంటే తండ్రి వారాల పాటు మోసి, నీళ్ళలో మూడేళ్ళు గట్టెక్కి, నేల మీద కాలు పెట్టిన కొద్ది రోజులకే చస్తాయి.

ఆగస్టు 6 ఉదయం పై కొలనుకు వెళ్ళేసరికి ఒడ్డున రాళ్ళ మీద బొటనవేలి గోరంత పిల్లలు, తోక మొండి ఇంకా ఉన్నవి. కొన్ని ఎండలో అలాగే కూర్చుని ఉన్నాయి, దగ్గరికి వెళ్ళినా కదల్లేదు. ఒకదాన్ని గ్లవ్ వేసుకున్న వేలితో వెల్లకిలా తిప్పాను, అది పరీక్షలో భాగం, ఆరోగ్యంగా ఉంటే వెంటనే బోర్లా తిరుగుతుంది. ఇది కాళ్ళు చాపి, ఒక్కసారి పొట్ట ఎగరేసి, అలాగే ఉండిపోయింది. ఫారంలో "తిరగలేదు" అన్న గడిలో గీత పెట్టాను. పక్కన చచ్చినవాటిని ఏరి ఆల్కహాల్ గొట్టాల్లో వేయాలి. గొట్టాలు అయిపోయాయి, పీహెచ్‌డీ అమ్మాయి కిందికి ఫోన్ చేసింది ఇంకా పంపమని. ఆ మధ్యాహ్నం పిల్లలతో కొండెక్కిన ఒక కుటుంబం ఏం చేస్తున్నారని అడిగింది, నా ఫ్రెంచ్‌లో చెప్పాను, చిన్నమ్మాయి ఏడ్చింది, వాళ్ళమ్మ నావైపు అదోలా చూసింది. నేను రాత్రి రెఫ్యూజ్ వెనక కూర్చుని ఏడ్చాను. మర్నాడు మళ్ళీ అదే ఒడ్డు, అదే పని. మా గైడ్ ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఎవరికి ఎలా ఉందో అడిగారు, కావాలంటే రెండు రోజులు ల్యాబ్ పని చేసుకోమన్నారు. అలా అడిగే ల్యాబ్ దొరకడం అదృష్టం, మీరు ఇంటర్వ్యూలోనే ఈ విషయం అడగండి.

మందు లేదా అని అందరూ అడుగుతారు. మయోర్కా దీవిలో ఈ కప్పకు దాయాది జాతి ఒకటుంది, అక్కడ రాతి గుంటల్లోంచి టాడ్‌పోల్స్‌ని తీసి శిలీంధ్రం మందు నీళ్ళలో ఉంచి, గుంటలు ఖాళీ చేసి వర్కాన్‌తో కడిగి, తిరిగి వదిలారు. జబ్బు పోయిందని 2015లో ప్రచురించారు, ప్రకృతిలో ఇలా వదిలించడం అదే మొదటిసారి. మా కొలనును ఎవరు ఖాళీ చేస్తారు? అందుకే మా టీమ్ చూపు వేరే వైపుంది. నీళ్ళలో కంటికి కనపడని రోటిఫర్లు, సీలియేట్లు అనే సూక్ష్మజీవులు ఈ శిలీంధ్రపు బీజాల్ని తినేస్తాయని 2014లో పిరనీస్ కొలనుల మీదే జరిగిన పనిలో తేలింది, అవి ఎక్కువున్న కొలనుల్లో జబ్బు తక్కువ. నా చివరి రెండు వారాలు లీటర్ల కొద్దీ నీళ్ళు సన్నటి వల గుండా వడకట్టడంతోనే గడిచాయి. భుజం నొప్పి తప్ప ఇందులో చెప్పుకోడానికేమీ లేదు, చావులు చూశాక ఆ విసుగు పని నాకు హాయిగానే అనిపించింది.

ఆగస్టు 29న ఇంటర్న్‌షిప్ ముగిసింది. రిపోర్టు సెప్టెంబర్ 5న ఇవ్వాలి, దూదిపుల్లల పీసీఆర్ ఫలితాలు అప్పటికి రాలేదు, మిషను వరసలో మా పెట్టె వెనక ఉంది. చాలామందికి ఇలాగే జరుగుతుంది, ఫలితాలు లేకుండానే రిపోర్టు రాసేలా ముందే మాట్లాడుకోండి, నాకు గొంతుల లెక్కలు, నీటి ఉష్ణోగ్రతలతో సరిపోయింది. మార్కు ఇరవైకి 15. ఫలితాలు నవంబర్ 18న మెయిల్‌లో వచ్చాయి. పై కొలనులో నేను ఏరిన పిల్లలు ఎక్కువ శాతం పాజిటివ్, అది తెలిసిందే. జూన్ 19న గుడ్లు మోస్తూ కనపడ్డది ఏ కొలనుదో వెతికి చూశాను, కింది కొలనుది. అక్కడ తీసిన నమూనాల్లో ఒక్కటి కూడా పాజిటివ్ రాలేదు.

రైలు టికెట్ల డబ్బు ఇంకా రాలేదు, ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు పేరు చెబుతోంది, కాగితం టికెట్లు అడుగుతారు కాబట్టి ఫోన్‌లో కొన్నా ప్రింటు తీసి దాచండి. వేసవికి రాయాలనుకునేవాళ్ళు ఆలస్యమైందనిపించినా రాయండి, మధ్యలో మానేసేవాళ్ళు ఉంటారు. మెయిల్‌లో మీ బూటు సైజు కూడా రాసేయండి, 38 సైజు వేడర్లు మా ల్యాబ్‌లో ఒక్క జతే ఉన్నాయి, ఎడమ కాలిది కారుతుంది.